ఎట్టయాపురంలో మనవాళ్ళ వీధి



తమిళనాడులోని కోవిల్పట్టిలో దళిత క్రైస్తవుల సమావేశం ఒకటి జరిగితే మేము నలుగురం వెళ్ళాం. ఇద్దరం పాస్టర్లం, ఇద్దరు మా సంఘ యువకులు. తిరుగు రైలుకు ఒక పూట సమయం ఉంది. సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఎట్టయాపురం ఉందని తెలిసి బస్సెక్కాం.

అది తూత్తుక్కుడి జిల్లాలో ఒక చిన్న పట్టణం. చుట్టూ నల్లరేగడి నేల, వాన పడితేనే పంట. తమిళులకు ఆ పేరు వినగానే గుర్తొచ్చేది మహాకవి సుబ్రహ్మణ్య భారతి. 1882 డిసెంబర్ 11న ఆయన అక్కడే పుట్టాడు. ఆ ఇంటిని స్మారకంగా నిలిపారు. 1947లో రాజాజీ ప్రారంభించిన మణిమండపమూ అక్కడే ఉంది. కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. ప్రవక్త మహమ్మదు జీవితాన్ని తమిళ కావ్యంగా రాసిన ఉమరుప్పులవర్ సమాధి కూడా ఆ ఊళ్ళోనే ఉంది. చిన్న ఊరికి ఇది చాలా పెద్ద ఆస్తి.

మనకు తెలియని సంగతి మరొకటుంది. ఎట్టయాపురం జమీందార్లు తెలుగు మాట్లాడే నాయకర్లు. 1799లో కయత్తారులో ఉరి తీయబడిన వీరపాండ్య కట్టబొమ్మన్ కూడా తెలుగు మాట్లాడే కంబళ నాయకరే. అతనికి ఎదురు నిలిచి ఇంగ్లీషువారితో కలిసిన ఎట్టప్పడూ ఆ భాషవాడే. ఈ రోజుకీ తమిళంలో ‘ఎట్టప్పన్’ అంటే ద్రోహి అని అర్థం. 1904లో ఇదే సంస్థానపు ముద్రణాలయం నుంచి సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువడింది. తమిళదేశపు నడిబొడ్డున అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగులో ఉంది. దాన్ని రాయమని పట్టుబట్టిన వారిలో ముఖ్యుడు చిన్నస్వామి ముదలియార్ అనే తమిళ క్రైస్తవుడు.

ఇదంతా మాట్లాడుకుంటూ ఒక టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. మా మాటలు విని కొట్టు యజమాని నవ్వి, తెలుగులోనే పలకరించాడు. పెద్దాయన. రైతు కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. సంతోషం వేసింది. ‘ఇక్కడ తెలుగువాళ్ళు ఇంకా ఎవరెవరున్నారు అన్నా?’ అని అడిగాం. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నాయకర్లు, నాయుళ్ళు, రెడ్డియార్లు. ‘ఇంకెవరూ లేరా?’ అన్నాం. కొంచెం ఆగి, ఊరి చివరి వైపు చెయ్యి చూపించి, ‘వాళ్ళూ మాట్లాడతారు’ అన్నాడు.

వాళ్ళు ఎవరో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆ ‘వాళ్ళు’ అనే మాట పలికే తీరు మా ఊళ్ళో మేము పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. టీ తాగి ఆ వైపు నడిచాం.

ఊరి చివరి వీధి

ఆ వీధి పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడివాళ్ళు వద్దన్నారు. రెండు వరుసల ఇళ్ళు. కొన్ని ప్రభుత్వం కట్టించిన శ్లాబు ఇళ్ళు, కొన్ని రేకుల కప్పులు. వీధి కుళాయి దగ్గర ప్లాస్టిక్ బిందెల వరుస. ఒక మూల చిన్న అమ్మవారి గుడి, ఇంకో మూల ఒక ఇంటి ముందుగదిలో నడిచే ప్రార్థన మందిరం. ఉదయం వేన్ వచ్చి ఆడవాళ్ళను కోవిల్పట్టి వైపు అగ్గిపెట్టెల కార్మాగారాలకు తీసుకుపోతుంది. పెట్టెలకు లేబుళ్ళు అతికించడం, పుల్లలు పేర్చడం వాళ్ళ పని. మగవాళ్ళలో కొందరు కాంట్రాక్టరు కింద పారిశుద్ధ్య పనికి పోతారు. ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు ఇంకా చెప్పులు కుడుతున్నారు.

మేము ఒక అరుగు దగ్గర ఆగగానే ఒక అవ్వ అడిగింది, ‘యాడ నుంచి వస్తా ఉండారు?’ అని. ఒంగోలు దగ్గర నుంచి అన్నాం. ఆమెకు ఒంగోలు తెలియదు. కానీ మా మాట తెలుసు. ‘మన బాస మాట్లాడతా ఉండారే!’ అని పక్కింటివాళ్ళను పిలిచింది. కాసేపట్లో అరుగు నిండిపోయింది.

వాళ్ళు అరుంధతీయులు. తమిళనాడు ప్రభుత్వ జాబితాలో ఈ వర్గం కింద ఏడు పేర్లున్నాయి: అరుంధతియర్, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర. మాదిగ, ఆది ఆంధ్ర! తమిళనాడు జాబితాలో ఈ రెండు పేర్లు చదువుతుంటే మన ఇంటి రేషన్ కార్డు చదువుతున్నట్టే ఉంటుంది. మన దగ్గరా అరుంధతి మాదిగల ఆడబిడ్డ అని పెద్దలు కథ చెబుతారు, మనమూ అరుంధతీయులమని చెప్పుకుంటాం. పేరొకటే, కథ ఒకటే, తోలుపనీ ఒకటే. పంపులు రాకముందు ఆ నల్లరేగడిలో బావి నీళ్ళు తోడిన కపిలకు తోలు తిత్తి కుట్టింది వీళ్ళ తాతలే. తిత్తి లేనిదే మెట్ట రైతుకు తోట లేదు. అయినా ఆ నీళ్ళు పారిన బావిని వాళ్ళు ముట్టుకోవడానికి లేదు.

ఈ తెలుగు కుటుంబాలు విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వచ్చాయని ఒక వాదన. కాదు, వీళ్ళు మొదటి నుంచీ ఈ నేలవాళ్ళేనని ఇంకో వాదన. ఏది నిజమైనా, తరతరాలుగా ఆ మట్టిలో పనిచేసి ఆ మట్టిలోనే కలిసినవాళ్ళను ‘వచ్చినవాళ్ళు’ అనడం అన్యాయం. అయినా అంటున్నారు. 2023లో ఈరోడ్ తూర్పు ఉప ఎన్నిక ప్రచారంలో ఒక పార్టీ నాయకుడు అరుంధతీయుల మూలాల మీద చేసిన వ్యాఖ్యలకు పోలీసు కేసు నమోదైంది. తమిళ జాతీయవాదం మాట్లాడేవారికి వీళ్ళు తెలుగువాళ్ళు. తెలుగు గొప్పదనం మాట్లాడేవారికి వీళ్ళు ‘వాళ్ళు’. ఎటు చూసినా లెక్కలో లేరు.

కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్ ఈ నల్లరేగడి తెలుగువాళ్ళ వలస కథను తమిళ నవలలుగా రాశారు. ‘గోపల్లపురత్తు మక్కళ్’ అనే నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన రాసింది తన కమ్మవారి కథ. అది మంచి సాహిత్యం, మనం చదవాలి. ఊరి చివరి వీధి కథ మాత్రం ఆ వీధివాళ్ళే రాయాలి. దానికి ముందు ఎవరో ఒకరు కూర్చుని వినాలి.

ఒక భాష ఒక పంక్తి కాదు

భాష ఒకటైతే మనుషులు ఒకటవుతారని మనం తేలిగ్గా అంటాం. ఎట్టయాపురం చూస్తే ఆ మాట నిలవదు. అక్కడ జమీందారు తెలుగు, రైతు తెలుగు, చెప్పులు కుట్టేవాడు తెలుగు. ముగ్గురూ ఒకే భాషలో పిల్లలను లాలించారు, ఒకే భాషలో తిట్టుకున్నారు. కానీ ఒక పంక్తిలో కూర్చుని తినలేదు. రాజుగారి తెలుగు అచ్చయింది. ఆ అవ్వ తెలుగు అచ్చు కాలేదు సరికదా, బడిలో ఆమె మనవడు ఆ భాష బయటపెట్టడానికి సిగ్గుపడతాడు. ఎందుకని అడిగితే వాడు తల దించుకున్నాడు. వాడి అక్క చెప్పింది: ‘మాట్లాడితే ఏ వీధో తెలిసిపోతుంది.’

పేతురు గుర్తొచ్చాడు. ప్రధాన యాజకుని ముంగిట చలి కాచుకుంటున్న పేతురును జనం అతని పలుకును బట్టే గలిలయవాడని పట్టుకున్నారు. భయపడి అబద్ధమాడాడు. మనం పేతురు బలహీనత మీద ఎన్నో ప్రసంగాలు చేశాం. పలుకును బట్టి మనిషిని పట్టుకునే ఆ ముంగిలి గురించి ఎప్పుడైనా ప్రసంగించామా?

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం కూడా మళ్ళీ చదవాలి. యెరూషలేము సంఘంలో మొదటి పెద్ద తగవు సిద్ధాంతం మీద రాలేదు. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం పంచేటప్పుడు అన్యాయం జరుగుతోందని వచ్చింది. విశ్వాసం ఒకటే, ప్రభువు ఒక్కడే, కానీ భాష వేరు కాబట్టి పళ్ళెం వేరైంది. అపొస్తలులు ఆ ఫిర్యాదును చిన్నదని కొట్టెయ్యలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు. భాష గురించిన అన్యాయం, అన్నం గురించిన అన్యాయం విడివిడిగా ఉండవని ఆ అధ్యాయం చెబుతోంది.

నీళ్ళలో మునిగితే

ఆ అరుగు మీద మమ్మల్ని కదిలించిన ప్రశ్న ఒక తల్లి అడిగింది. అగ్గిపెట్టెల పనికి పోయే మనిషి. కూతురిని డిగ్రీ చదివించింది. ఆ అమ్మాయి ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. తల్లి ఆరేళ్ళుగా ఆ ఇంటి మందిరానికి వెళ్తోంది, బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మేము పాస్టర్లమని తెలిసి దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది: ‘అయ్యా, నీళ్ళలో మునిగితే పాప సర్టిఫికెట్ పోతుందంటారు. నిజమేనా?’

ఆమె భయం ఉట్టిది కాదు. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాలకున్న 18 శాతం రిజర్వేషన్లలో 3 శాతం అరుంధతీయులకు ప్రత్యేకించి చట్టం చేసింది. ఎస్సీ(ఎ) అని రాసే ఆ సర్టిఫికెట్టు ఆ వీధికి తొలిసారి తెరుచుకున్న తలుపు. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం కిందికి రాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వు సడలించారు. క్రైస్తవులకు, ముస్లింలకు సడలించలేదు. తమిళనాడులో ఎస్సీల నుంచి క్రైస్తవులైన వారిని వెనుకబడిన తరగతుల్లో చేర్చారు. అంటే ఆ కుటుంబం బహిరంగంగా క్రీస్తును ఒప్పుకుంటే ఆ అమ్మాయికి 3 శాతంలో చోటు ఉండదు. 2024 నవంబర్‌లో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు ఆమె క్రైస్తవురాలేనని తేల్చి ఎస్సీ సర్టిఫికెట్టు నిరాకరించింది.

మేము ఆ తల్లికి చట్టం ఏం చెబుతోందో చెప్పాం. పాస్టర్లుగా ఏం చెప్పాలో మాకు తోచలేదు. ‘ప్రభువు చూసుకుంటాడు, మునుగమ్మా’ అనడం తేలిక. మా పిల్లల చదువులు అయిపోయాయి కాబట్టి ఇంకా తేలిక. ‘మునగకు’ అనడానికి నోరు రాలేదు. ప్రార్థన చేసి వచ్చేశాం. ఆ ప్రార్థన సగం మా సిగ్గును దాచుకోవడానికే.

మన సంఘాల్లో కొందరు ఇలాంటివారిని ‘రహస్య విశ్వాసులు’ అని చులకన చేస్తారు. తప్పు. కూతురి భవిష్యత్తు, ప్రభువు పిలుపు అనే రెండింటి మధ్య ఆ తల్లిని నిలబెట్టింది ఆమె అల్పవిశ్వాసం కాదు, ఒక ఉత్తర్వులోని మూడవ పేరా. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి రిజర్వేషన్ అక్కర్లేదన్నది దానికి చెప్పే కారణం. నిజంగా లేదా? తమిళనాడులో కులానికొక సమాధి తోట ఉన్న సంఘాలున్నాయి. మన ఆంధ్ర, తెలంగాణల్లో ఒకే రొట్టె విరిచే మాల, మాదిగ కుటుంబాలు పెళ్ళి మాట వచ్చేసరికి ఎటువాళ్ళు అటు తిరుగుతాయి. కులం గుడి దాటి బడికొచ్చింది, బడి దాటి చర్చికొచ్చింది. చర్చిలో ఉన్న కులం ప్రభుత్వ కాగితంలో మాత్రం మాయమైపోతుందా?

దోర్నకల్లు బాకీ

ఆ జిల్లాకు మనం బాకీ ఉన్నాం. చాలామంది యువతకు ఈ సంగతి తెలియదు.

తూత్తుక్కుడి జిల్లా దక్షిణాన వెళ్ళాలన్‌విళై అనే పల్లె ఉంది. 1874లో అక్కడ ఒక పల్లెటూరి పాస్టరు ఇంట వేదనాయకం శామ్యూల్ అజరయ్య పుట్టాడు. ఆయన మాతృభాష తమిళం. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించి తెలుగు ప్రాంతమైన దోర్నకల్లుకు సేవకులను పంపారు. దాని స్థాపకుల్లో ముఖ్యుడైన అజరయ్య 1909లో తానే బయలుదేరి వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఎద్దులబండి మీద తిరిగాడు. 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. 1945 జనవరి 1న చనిపోయేవరకు తెలుగు దళితుల మధ్యే ఉన్నాడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, త్యాగాలు, విరాళాలు చాలు, మాకు స్నేహం కావాలని ధైర్యంగా అడిగినవాడు ఆయనే.

ఒక తమిళుడు ఆ జిల్లా నుంచి వందల మైళ్ళు ప్రయాణించి మన భాష నేర్చుకుని మన వాడలకు వచ్చాడు. ఆ జిల్లాలోనే మన భాష మాట్లాడే మన వాడలున్నాయి. ఆయన రాకకు నూరేళ్ళు దాటింది. మనం తిరిగి ఒక్క అడుగు వేశామా?

మా కుటుంబాల సంగతే చెప్పుకుంటాం. మా ముత్తాతలు చెప్పులు కుట్టినవారే. 1876–78 కరవులో డాక్టర్ క్లౌ బకింగ్‌హాం కాలువ పని చూపించి ఆకలి తీర్చాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. ఎట్టయాపురం, ఒంగోలు రెండూ అప్పుడు ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. ఒకే కరవు. ఒకే కులం, ఒకే భాష. ఒక వాడకు బడి వచ్చింది, ఇంకో వాడకు చీపురు మిగిలింది. ఇందులో మన గొప్పేమీ లేదు. అందుకే మన బాధ్యత ఎక్కువ.

అదే ఒంగోలు ప్రాంతంలోని ఈదుమూడిలో 1994లో మాదిగ దండోరా మోగింది. వర్గీకరణ కోసం ముప్పై ఏళ్ళు పోరాడాం. 2004లో సుప్రీంకోర్టు ఆంధ్ర చట్టాన్ని కొట్టేసింది. తమిళనాడు 2009లో చట్టం చేసుకుంది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. మన విజయం, ఎట్టయాపురం వీధి సర్టిఫికెట్టు ఒకే తీర్పు మీద నిలబడ్డాయి. పోరాటంలో బంధువులమైనవాళ్ళం పరిచయంలో మాత్రం పరాయివాళ్ళం.

ఏం చెయ్యాలి?

మొదట వెళ్ళాలి, కానీ పెట్టెల కొద్దీ తెలుగు కరపత్రాలతో కాదు. ఆ రోజు అవ్వ ‘మన బాసలో పాట పాడండి’ అంటే మేము ఉత్సాహంగా ఒక పాత కీర్తన ఎత్తుకున్నాం. ఆమె మర్యాదగా విన్నది. తరువాత, ‘రాగం బాగుండాది, మాట అరవ బైబిలు కన్నా కష్టంగా ఉండాది’ అన్నది. మా గ్రాంథికం ఆమెకు పరాయి భాష. ఆ తరువాత ఆమె నాట్లప్పుడు పాడే పాట ఒకటి పాడితే మా యువకులిద్దరూ ఫోనులో రికార్డు చేసుకున్నారు. నేర్పడానికి వెళ్ళిన మేము నేర్చుకుని వచ్చాం. యువకులారా, సెలవుల్లో ఇద్దరో ముగ్గురో వెళ్ళి వారం రోజులు కూర్చుని వినండి. ఆ మాటలు, పాటలు, సామెతలు రాసుకోండి. వాళ్ళ పిల్లలకు తెలుగు అక్షరాలు కావాలంటే నేర్పండి. వద్దంటే ఊరుకోండి. తమిళం ఆ పిల్లలకు బతుకు భాష, దాన్ని పోగొట్టే పని మనకొద్దు. ఇంటి భాష మాట్లాడటానికి వాళ్ళు సిగ్గుపడకుండా ఉంటే చాలు.

రెండవది, చీపురు గురించి మాట్లాడాలి. మనిషి చేత మలం ఎత్తించడాన్ని 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా చట్టం నిషేధించింది. మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మనుషులను దించుతూనే ఉన్నారు. ఈ పోరాటానికి దేశంలో ముందు నిలిచిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబం బిడ్డ. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. మన సంఘాల్లో ఎన్ని చోట్ల ఆయన పేరు వినిపించింది? మీ ఊరి మునిసిపాలిటీలో చేతి తొడుగులు లేకుండా పనిచేసేవారు ఆదివారం మీ పక్క బల్ల మీద కూర్చునేవారే కావచ్చు. వారి జీతం సమయానికి వస్తోందా అని అడగడం కూడా సువార్తే.

మూడవది, 1950 ఉత్తర్వు. ఇది 2004లోనే సుప్రీంకోర్టుకు చేరింది. 2022 అక్టోబర్‌లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. మన సంఘాలు క్రిస్మస్ విందుకు మంత్రులను పిలుస్తాయి, శాలువాలు కప్పుతాయి. ఆ వేదిక మీద ఈ ఒక్క ప్రశ్న అడగవు. ఈ ఏడాది అడగండి. శాలువాతో పాటు వినతిపత్రం ఇవ్వండి.

తిరిగి బస్సెక్కే ముందు అదే టీ కొట్టు దగ్గర ఆగాం. ఆ వీధి నుంచి మమ్మల్ని సాగనంపడానికి వచ్చిన కుర్రాడు కొంచెం దూరంగా నిలబడ్డాడు. మేము పిలిచి బెంచీ మీద మా మధ్య కూర్చోబెట్టాం. పెద్దాయన ఒక క్షణం చూసి అయిదు గ్లాసులు పెట్టాడు. అయిదూ ఒకే రకం గ్లాసులు. ఆయనను మెచ్చుకోవాలో, ఇది మెచ్చుకోవలసిన సంగతి అయినందుకు బాధపడాలో మాకు తెలియలేదు. ఆ కుర్రాడు మాత్రం తెలుగులో, కాస్త గట్టిగానే, ‘చక్కెర ఇంకొంచెం వెయ్యన్నా’ అన్నాడు.

ఆ తల్లి ప్రశ్నకు మేమింకా జవాబు బాకీ ఉన్నాం. ఇది చదివిన మీరూ ఆ బాకీలో పాలివారే.